మార్పిడి అయ్యాక చూద్దాం

మన తెలుగిళ్ళల్లో కొన్ని మాటలు నోటితో అనకూడదు. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయింది అనం, కొండెక్కిందంటాం. గుమ్మం దాటుతూ ‘వెళ్తాను’ అంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి మరీ ‘వెళ్ళొస్తాను’ అనిపించేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదా మరి! ఖాళీ డబ్బాని నిండుకుందని చెప్పుకునే మనుషులం, మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయనీ, అవి ఇక మళ్ళీ పనిచెయ్యవనీ ఆ మనిషి మొహం మీదే ఎలా చెబుతాం? చెప్పం. ‘అంతా సర్దుకుంటుందిలే’ అంటాం. అని, వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంటాం.

ఈ గొడవంతా నాకెందుకంటారా? ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, నేను విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి డయాలిసిస్ వార్డులో కూర్చుంటున్నాను. జబ్బు నాది కాదు, మా వదినగారిది. అంటే మావారి పెద్దక్కయ్య. విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. వయసు 68. ఇరవై ఏళ్ళుగా షుగరు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. “అత్త ఇంట్లోనే ఉంటుంది కదా, నవలలు రాసుకుంటూ” అన్నాడు మా మేనల్లుడు. (నవలలు రాయడమంటే ఖాళీగా ఉండడమని మా ఇంటా వంటా అందరికీ గట్టి నమ్మకం!) అలా ఈ డ్యూటీ నాకొచ్చింది. వచ్చినందుకు ఇప్పుడు నాకేమీ చింత లేదు.

డయాలిసిస్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. ముందుగా చేతిలో ఒక ధమనినీ ఒక సిరనీ కలుపుతూ చిన్న ఆపరేషను చేస్తారు. దాన్ని ఫిస్టులా అంటారు. అది కుదురుకున్నాక దాని మీద చెవి పెడితే తుమ్మెద రొదలా జుమ్మని వినిపిస్తుంది. వదినగారు రోజూ పడుకోబోయే ముందు దాన్ని చెవికి ఆనించి, “ఆఁ, పాడుతోంది” అంటారు. అక్కడ రెండు సూదులు గుచ్చుతారు. ఒకదానిగుండా రక్తం మిషనులోకి వెళ్ళి, శుభ్రపడి, రెండోదానిగుండా ఒంట్లోకి వస్తుంది. ఒక్కో విడత నాలుగు గంటలు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు వారంలో 168 గంటలూ చేసే చాకిరీని మిషను 12 గంటల్లో చెయ్యాలన్నమాట. అందుకే అది ఎంత చేసినా కొంత మిగిలే ఉంటుంది. నీళ్ళు కొలిచి తాగాలి. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, పచ్చళ్ళు వద్దు. ఇంటికొచ్చాక మనిషి పిండిన గుడ్డలా పడుకోవలసిందే.

పక్క మంచం ఆయనది కవిటి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి రైతు. కూతురింట్లో ఉండి వైద్యం చేయించుకుంటున్నాడు. “కొబ్బరితోటలో పుట్టినోడ్ని. ఇప్పుడు కొబ్బరినీళ్ళు తాగితే గుండాగిపోద్దంట, చూడండమ్మా” అని నవ్వుతాడు. ఉద్దానం సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా అక్కడ మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా పరిశోధిస్తున్నా ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. పలాసలో 2023 చివర కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆస్పత్రీ ప్రారంభించారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, 2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ పథకం ప్రకటించాక, ఒకప్పుడు డబ్బున్నవాళ్ళకే అందిన ఈ మిషను పేదవాళ్ళకీ అందుతోంది. మిషనైతే అందింది గాని, దాని గురించి మాట మాత్రం అందలేదని నాకు ఆ వార్డులో కూర్చున్నాకే తెలిసింది.

ఎందుకంటే, మా వదినగారి నోట ఎప్పుడూ ఒకటే మాట. ‘మార్పిడి అయ్యాక చూద్దాం.’ మార్పిడి అంటే కిడ్నీ మార్పిడి. అరసవల్లి వెళ్దామా వదినా అంటే, మార్పిడి అయ్యాక. విజయనగరంలో ఇల్లు తాళం వేసి ఉంది, ఒకసారి చూసొద్దామా అంటే, మార్పిడి అయ్యాక. బొబ్బిలిలో ఆవిడ చెల్లెలు ఉంది. తల్లి కాసులపేరు దగ్గర మాటా మాటా వచ్చి, పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడకి కబురు పెడదామా అంటే, “నేనిలా నీరసంగా ఉన్నప్పుడు రానియ్యను. మార్పిడి అయ్యి నిక్షేపంలా ఉన్నప్పుడు నేనే వెళ్తా, దెబ్బలాడ్డానికి ఓపిక కూడా ఉండాలి కదా” అనేవారు.

ఆవిడ చేతిసంచీలో మడతపెట్టిన పేపరు కటింగు ఒకటి ఉండేది. చనిపోయినవారి అవయవాలు పొందడానికి పేరు నమోదు చేసుకోవాలంటే 65 ఏళ్ళు దాటకూడదన్న నిబంధనని 2023లో కేంద్ర ప్రభుత్వం తీసేసింది. ఆ వార్త అది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించుకున్నారు. భక్తులు విభూతి పొట్లం దాచుకున్నట్టు దాచుకున్నారు.

ఇంతకీ ఆవిడకి మార్పిడి జరిగేదేనా? జరిగేది కాదు. ఆ సంగతి డాక్టరుగారికి తెలుసు. గుండె పంపింగు ముప్ఫై శాతం మాత్రమే ఉంది. ఆపరేషనుకి ఆ గుండె తట్టుకోలేదు. ఆ సంగతి మా మేనల్లుడికీ తెలుసు. ‘అమ్మతో చెప్పకండి, బెంగపెట్టుకుంటుంది’ అని డాక్టరుగారి దగ్గర మాట తీసుకున్నాడు. తెలియనిది ఒక్క వదినగారికే. జబ్బు మాత్రం ఆవిడది!

మా అన్నయ్య కూతురు మెడిసిను చదువుతోంది. ఈ సంగతి దానితో అంటే, “ఇది మన ఇంటి భాగోతమొక్కటే కాదత్తా” అని ఒక పరిశోధన వివరాలు చదివి వినిపించింది. 2013లో ప్రచురించారట. అమెరికాలోని బోస్టన్‌లో రెండు డయాలిసిస్ కేంద్రాలలో, జబ్బు తీవ్రంగా ఉన్న 62 మందిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. వాళ్ళ డాక్టర్లని విడిగా అడిగారు. ‘మీరు మార్పిడికి పనికొస్తారా?’ అంటే రోగుల్లో 66 శాతం పనికొస్తామన్నారు. డాక్టర్లు అవునన్నది 39 శాతం మంది విషయంలోనే. ‘ఇంకెంత కాలం బతకవచ్చో మీ డాక్టరు మీతో మాట్లాడారా?’ అంటే ఒక్క రోగి కూడా అవునని చెప్పలేదు. డాక్టర్లేమో ఇద్దరితో మాట్లాడామన్నారు. ఇంకా చిత్రం వినండి. ‘రోగి పట్టుబట్టి అడిగితే చెబుతారా?’ అంటే నూటికి 60 మంది విషయంలో ‘అయినా చెప్పం’ అన్నారట! అన్నీ మొహం మీదే మాట్లాడుకుంటారని మనం అనుకునే దేశంలో సంగతి ఇది. తథాస్తు దేవతలు అక్కడ కూడా తిరుగుతున్నారని నాకప్పుడే తెలిసింది.

అయితే ఎవరు రైటు? అదీ చెప్పింది మా పిల్ల. రోగుల్లో ఎక్కువమంది ఏడాది తప్పకుండా బతుకుతామని నమ్మారు. నిజంగానే ఏడాది తిరిగేసరికి 93 శాతం మంది ఉన్నారు. అంతవరకూ రోగులే గెలిచారు. కానీ 23 నెలలయ్యేసరికి మిగిలింది 56 శాతమే. అంటే మొదటి ఏడాది ఆశ చెప్పిన మాట నిజమైంది, రెండో ఏడాది లెక్క చెప్పిన మాట నిజమైంది. బాగానే ఉన్నానుకదా అనుకున్న ఆ మొదటి ఏడాదే మాట్లాడుకోవలసిన ఏడాదన్నమాట.

డాక్టర్లని తిట్టడం తేలికే. ఆ పని నేను చెయ్యను. ఒక శనివారం మా డాక్టరుగారు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు అడిగాను. నలభై అయిదేళ్ళుంటాయి ఆయనకి, నెమ్మదస్తుడు.

“ఎవరూ అడగరండీ” అన్నారు. “పొటాషియం ఎంతుందని అడుగుతారు, ఎన్ని కేజీల నీరు తీశారని అడుగుతారు. ఎన్నాళ్ళుంటానని అడగరు. అడగనిది నేనెలా చెప్పను? ఒకవేళ అంకె చెప్పాననుకోండి, అది తప్పితే? ఆర్నెల్లన్నాక ఆరేళ్ళు బతికినవాళ్ళున్నారు. ఆరేళ్ళు ఢోకా లేదనుకున్నవాళ్ళు ఆ ఆదివారమే పోయారు.”

ఆయన మాటా నిజమే. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, నాకు వెంటనే జయప్రకాశ్ నారాయణ్ గుర్తొచ్చారు. 1975లో ఎమర్జెన్సీ నిర్బంధంలో ఉండగా ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నవంబరులో విడిచిపెట్టాక బొంబాయి జస్‌లోక్ ఆస్పత్రిలో డయాలిసిస్ మొదలుపెట్టారు. ఆ మిషను మీద ఆధారపడి ఉంటూనే 1977 ఎన్నికల్లో జనతా పార్టీకి పెద్దదిక్కయ్యారు. 1979 మార్చిలో ఆయన పోయారని సాక్షాత్తూ ప్రధానమంత్రి మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో ప్రకటించేశారు. సభ వాయిదా పడింది, దేశమంతా విషాదం. తీరా చూస్తే ఆయన ఆస్పత్రిలో బతికే ఉన్నారు! ఆ తరవాత అక్టోబరు 8 దాకా ఉన్నారు. ప్రధానమంత్రికే లెక్క తప్పితే ఇక డాక్టరెంత?

“మరి మీ మనసులోనైనా ఒక అంచనా ఉండదా?” అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, “మాకు ఒక ప్రశ్న నేర్పుతారు. ‘ఈ రోగి ఏడాదిలోపల పోతే నేను ఆశ్చర్యపోతానా?’ అని మమ్మల్ని మేమే అడుగుకోవాలి” అన్నారు.

“మా వదినగారి విషయంలో?”

“ఆశ్చర్యపోనండి” అన్నారు, నా వైపు చూడకుండా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మంగళవారం మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. “నువ్వు దాస్తున్నది జబ్బుని కాదురా, అమ్మకి మిగిలిన కాలాన్ని. ఆవిడ దాన్ని ‘మార్పిడి అయ్యాక’ అన్న బీరువాలో పెట్టి తాళం వేసుకుంటోంది” అన్నాను. వాడికి కోపమొచ్చింది. “నవలలో డైలాగులా ఉంది అత్తా” అన్నాడు. “ఆశ పోతే ఆర్నెల్లు బతికే మనిషి ఆరు రోజులు కూడా బతకదు” అన్నాడు. వాడి భయం వాడిది. తండ్రి లేని పిల్లాడు, ఉన్నది ఒక్క తల్లి. నేను రెట్టించలేదు.

చివరికి ఆ ముడి విప్పింది మేమెవరమూ కాదు, వదినగారే. ఒక గురువారం మేనల్లుడు కూడా వచ్చిన రోజున, రౌండ్సుకి వచ్చిన డాక్టరుగారి ముందు కుడిచేత్తో సంచీలోంచి ఆ కటింగు తీశారు.

“డాక్టరుగారూ, ఇది వచ్చి చాలాకాలమైంది. మరి నా పేరెప్పుడు రాస్తారు?”

డాక్టరుగారు మా మేనల్లుడి వైపు చూశారు.

“వాణ్ణెందుకండీ చూడ్డం? సూదులు గుచ్చుతున్నది నాకు. ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు పుస్తకం వెనక పేజీలో ఉందని తెలుసు, ఆ పేజీ మీరు చింపి దాచుకున్నారనీ తెలుసు.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఏడాదిలో ఆయన కూర్చోగా చూడడం అదే మొదటిసారి. నిదానంగా, తెలుగులో, పెద్ద పెద్ద మాటలు లేకుండా చెప్పారు. వయసు నిబంధన పోయిన మాట నిజమే గాని, గుండె ఆ ఆపరేషనుకి ఓర్చుకోదని చెప్పారు. డయాలిసిస్ సాగుతుందనీ, అయితే అది గుండెని బాగుచెయ్యదనీ చెప్పారు.

“అయితే ఎన్నాళ్ళు?”

“అంకె చెప్పలేనమ్మా, నిజంగా నాకు తెలియదు. కానీ ఏళ్ళ లెక్కన ప్లాన్లు వేసుకోకండి. నెలల లెక్కన వేసుకోండి. ఏళ్ళొస్తే అందరం సంతోషిద్దాం.”

వదినగారు కొంచెంసేపు మిషను వైపు చూశారు. “అంటే, డబ్బా అడుగు కనిపిస్తోందన్నమాట” అన్నారు. తరవాత, “ఇది నేను వద్దంటే?” అన్నారు.

మా మేనల్లుడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. డాక్టరుగారు మాత్రం కంగారుపడలేదు. “అది మీ హక్కు. మానేస్తే మామూలుగా ఒకటి రెండు వారాలు. ఆయాసం, బాధ తెలియకుండా మందులిస్తాం, వదిలెయ్యం. కానీ ఇవాళే తేల్చుకోనక్కర్లేదు” అన్నారు.

“ప్రస్తుతానికి కానివ్వండి. ఈ ముక్క ఏడాది కిందటే చెబితే నాకు బోలెడు పనులయ్యేవి” అన్నారు వదినగారు.

పక్క మంచం మీంచి కవిటి ఆయన, “నాకెవులూ సెప్పక్కర్నేకపోయిందమ్మా. మా అన్నని సూసినాను, మా బావని సూసినాను. అందుకే కూతురి పెళ్ళి ముందే సేసేసినాను” అన్నాడు. ఉద్దానంలో డాక్టరు చెప్పని మాట ఊరే చెబుతుంది కాబోలు.

ఆవిడ ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ రాత్రీ మర్నాడూ ఏడ్చారు. శనివారం మామూలుగానే డయాలిసిస్‌కి వచ్చారు. ఆ మర్నాడు ఆదివారం, మేం బొబ్బిలి వెళ్ళాం. శనివారం చేయించుకుంటే మళ్ళీ మంగళవారం దాకా వ్యవధి ఉంటుంది. ఆ రెండు రోజులూ నీళ్ళ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి గాని, ప్రయాణానికి అవే రోజులు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చి, భోజనాల దగ్గర కాసులపేరులో కాసులెన్ని అన్న దాని మీద మళ్ళీ దెబ్బలాడుకున్నారు. ఓపిక లేదన్న మనిషి గంటసేపు దెబ్బలాడారు! తిరిగొస్తూ కారులో, “దానికి లెక్కలు మొదట్నించీ రావు” అన్నారు తృప్తిగా.

అరసవల్లి వెళ్ళాం. విజయనగరం ఇంటి తాళం తీసి, రెండు పూటలు అక్కడే ఉన్నాం. తనకి స్పృహ లేని స్థితి వస్తే ఐ.సి.యు.లో గొట్టాలూ వెంటిలేటరూ పెట్టవద్దని కాగితం కూడా రాయించుకున్నారు. ఇలాంటి విల్లు చెల్లుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులుండాలి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించాలి. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. మా మేనల్లుడు ఆ కాగితం పూర్తిగా చదవలేకపోయాడు. “అమ్మ ఆశ చంపేశారు” అన్నాడు నాతో. అది విన్న వదినగారు, “ఆశకేం తక్కువరా? వచ్చే ఆదివారం మీ అత్త గుత్తొంకాయ చేస్తానంది” అన్నారు. వాడు నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. కానీ ఆనాటినుంచి శనివారాలు వాడే తీసుకొస్తున్నాడు. నాలుగు గంటలూ తల్లి పక్కనే కూర్చుంటున్నాడు. దాచడానికేమీ లేదు కదా, ఇద్దరూ గలగలా మాట్లాడుకుంటున్నారు.

ఆ మాట చెప్పి ఏడు నెలలైంది. వదినగారు ఉన్నారు. ఫిస్టులా పాడుతూనే ఉంది. ‘మార్పిడి అయ్యాక’ పోయి, ‘శనివారం అయ్యాక’ వచ్చింది.

నేను డాక్టర్ని కాను. ప్రతి రోగికీ అన్నీ చెప్పి తీరాలని కూడా అనను. ‘నాకు చెప్పకండి, మా అబ్బాయితో మాట్లాడండి’ అనేవాళ్ళుంటారు. అలా అనే హక్కు వాళ్ళకుంది. కానీ ఆ మాట రోగి అనాలి, మనం అనకూడదు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ‘అసలు సంగతి తెలుసుకోవాలని ఉందా?’ అని ముందు ఆ మనిషినే అడగండి. ఉందంటే డాక్టరుగారి దగ్గరికి కలిసి వెళ్ళండి. ‘ఎన్ని రోజులు?’ అని అడిగితే ఆయన జవాబు చెప్పలేరు. ‘ఈ వైద్యం వల్ల ఏం బాగవుతుంది, ఏం బాగవదు? రాబోయే ఏడాది ఎలా ఉండవచ్చు? వేరే దారి ఏముంది?’ అని అడగండి. వాటికి ఆయన దగ్గర జవాబులున్నాయి. ఎవరైనా అడుగుతారేమోనని ఆయన కూడా చూస్తున్నారు.

మధ్యలో నిలబడి ఇద్దరి నోళ్ళూ నొక్కుతున్నది మన ప్రేమే. దాన్ని కాస్త పక్కకి జరిగి, స్టూలు ఇటు జరపమనండి, డాక్టరుగారు కూర్చుంటారు.